గ్రాము వాళ్ళకు, టన్ను మనకు

జొన్నగిరి బంగారం మీద ఫోన్లో రోజుకో వీడియో తిరుగుతా ఉండాది. "కర్నూలు ఇంకో కేజీఎఫ్ అయితాది" అని ఒకరు, "సీమ దశ తిరిగినట్లే" అని ఇంకొకరు. తుగ్గలి, మద్దికెర, పత్తికొండ పక్క పిల్లోళ్ళయితే ఆ కంపెనీ షేరు కొనాల్నా వద్దా అని కూడా అడుగుతాండారు. షేరు సంగతి మీ ఇష్టం. దానికంటే ముందు మూడు సంగతులు తెలుసుకోవాల. మన నేల కింద ఉండే బంగారం ఎట్లాంటిది? దాని వెనక కంపెనీలు ఎందుకు పడతాయి? తవ్వకం అయిపోయినాక మన తావ మిగిలేది ఏంది?

ముందు నేల సంగతి.

లోకంలో బంగారం అంతా ఒకే తీరుగా పుట్టలేదు. జొన్నగిరిది, కోలారుది, రాయచూరు జిల్లా హట్టిది మాత్రం ఒకే జాతి. శాస్త్రవేత్తలు దీనికి 'ఒరోజెనిక్' బంగారం అని పేరు పెట్టినారు. ఒరోజెనీ అంటే భూమి పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకొని కొండలు పైకి లేచే కాలం. మన పక్క ఆ పని జరిగింది సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట. ఆ కొండలు అరిగి ఎప్పుడో నేలమట్టమైనాయి. వాటి కింద జరిగిన పని మాత్రం రాళ్ళల్లో అట్లే నిలిచింది.

ఏం జరిగిందంటే, ఒత్తిడికి, వేడికి లోతుల్లోని రాళ్ళు ఉడికినాయి. రాళ్ళల్లో ఇమిడి ఉన్న నీళ్ళు బయటికొచ్చినాయి. ఆ నీళ్ళల్లో బొగ్గుపులుసు వాయువు, గంధకం కలిసి ఉన్నాయి. రాళ్ళల్లో కంటికి ఆనకుండా చెదిరిపోయి ఉన్న బంగారాన్ని ఆ గంధకం పట్టుకొని నీళ్ళతో పాటు పైకి మోసుకొచ్చింది. నీళ్ళకు దారి యాడ దొరుకుతాది? భూమి నెర్రెలిచ్చిన చోటే. నెర్రె ఒక్కసారి విచ్చుకుంటే, కుక్కర్ విజిల్ లేచినట్లు ఒత్తిడి దబ్బున పడిపోతాది. అప్పుడు నీళ్ళు బంగారాన్ని మోయలేక వదిలేస్తాయి. ఇనుము ఎక్కువ ఉండే రాళ్ళు తగిలినా అంతే. గంధకం పోయి ఇనుముతో కలుస్తాది, బంగారం ఒంటరిగా అక్కడే దిగిపోతాది. ఆ నెర్రెలు తర్వాత పలుగురాయితో పూడుకున్నాయి. మన చేన్లల్లో తెల్లగా కనపడే పలుగురాయి చారల్లో కొన్ని అట్ల వచ్చినవే. అట్లని ప్రతి పలుగురాయిలో బంగారం ఉంటాదని సుత్తి పట్టుకొని పోవద్దండి. నూటికి తొంభై తొమ్మిది వట్టి రాళ్ళే.

కడప తమ్ముళ్ళకు ఒక అనుమానం రావచ్చు. కర్నూలు పడమట ఉండే బంగారం కడపలో ఎందుకు లేదు అని. మీ నాపరాయి, సున్నపురాయి, మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం, ఇవన్నీ కడప బేసిన్ రాళ్ళు. బంగారం పుట్టిన ఆ ఒత్తిడి కాలం పోయినాక, నీళ్ళ అడుగున పొర మీద పొరగా పేరుకున్నవి. అందుకే ఈ జాతి బంగారం జొన్నగిరిలో, అనంతపురం పక్క రామగిరిలో, చిత్తూరు జిల్లా చిగరగుంట-బిసానత్తంలో దొరుకుతాది గాని పులివెందుల్లో దొరకదు.

మన వజ్రాలది మళ్ళీ వేరే కథ. తొలకరి పడితే జొన్నగిరి, పగిడిరాయి చేన్లల్లో జనం వంగి వెతుకుతారు కదా, ఆ వజ్రాలను పైకి తెచ్చింది కింబర్లైట్ అనే రాయి. వజ్రకరూరు కింబర్లైట్లు బంగారం కంటే ఎంతో చిన్నవి, సుమారు 110 కోట్ల ఏళ్ళవి. వానకు మట్టి కొట్టుకొని పోతే వజ్రం కంటికి తగులుతాది. కూలికి పోయే ఆడమనిషికి దొరికినా ఆమె ఇల్లు నిలబడతాది. బంగారం అట్ల కాదు. రాయిలో అది కంటికే కనపడదు. డ్రిల్లింగు, క్రషరు, రసాయనాల ట్యాంకులు, కోట్ల పెట్టుబడి లేకపోతే ఒక్క గ్రాము కూడా బయటికి రాదు. అదృష్టానికి ఇక్కడ తావు లేదు. ఎవరి భాగం ఎంత అనేది ముందే కాగితం మీద రాసి ఉంటాది. ఆ కాగితం మనం చదవల్ల.

కంపెనీలకు ఎందుకింత మోజు

జొన్నగిరి పక్కనే ఎర్రగుడి. అశోకుడి శాసనాలు ఉండే ఊరు. 1928-29 ప్రాంతంలో వాటిని లోకానికి చెప్పింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. అశోకుడి శాసనాల్లో వచ్చే సువర్ణగిరి ఈ జొన్నగిరే అని కొందరు చరిత్రకారులు అంటారు, కాదు కర్ణాటకలో ఉండాదని ఇంకొందరు అంటారు. ఏదైనా గాని, ఈ పక్క బంగారం మీద కన్ను ఈ పొద్దు పడింది కాదు.

ఇప్పటి గని జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీది. అందులో డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు సుమారు 40 శాతం వాటా ఉండాది. 2013లో దాదాపు 598 హెక్టార్లకు, అంటే 1,500 ఎకరాలకు దగ్గర దగ్గర లీజు వచ్చింది. గని పూర్తిగా నడిస్తే ఏడాదికి 750 కిలోల దాకా బంగారం తీస్తామని 2023లో కంపెనీ పెద్దలే పత్రికలకు చెప్పినారు.

ఈ జాతి బంగారం మీద మోజుకు మూడు కారణాలు. ఒకటి, లోతు. ఇది పైపైన ఉండి ఆగిపోయేది కాదు, నెర్రె ఎంత లోతుంటే అంత దూరం పోవచ్చు. కోలారులో 3 కిలోమీటర్లు దాటి తవ్వినారు. 1880 నుంచి 2001 దాకా సుమారు 800 టన్నులు తీసినారు. రెండు, శుభ్రం. చానా చోట్ల రాగి, సీసం లాంటివి కలవకుండా బంగారమే ముఖ్యంగా ఉంటాది. రాయిని పిండి చేసి సైనైడ్ నీళ్ళల్లో వేస్తే చానావరకు దిగి వస్తాది. మూడు, మోత. ముగ్గురాయి అమ్మాలంటే లారీలు కావల్ల, రైలు కావల్ల, ఓడరేవు కావల్ల. ఏడాది బంగారమంతా ఒక చిన్న వ్యానుకు సరిపోతాది.

ఈ మూడోది కంపెనీకి లాభం, మనకు నష్టం. ముగ్గురాయి అయితే దారి పొడుగునా లారీ డ్రైవరు, టైరు పంచరు, దాబా హోటలు బతుకుతాయి. బంగారం దారిలో ఎవరికీ ఏమీ పెట్టకుండా పోతాది. గని గేటు లోపల ఉద్యోగం దొరికినోళ్ళకే దాంతో బతుకు. మిషన్లతో నడిచే గనిలో ఆ ఉద్యోగాలు లెక్కకే ఉంటాయి. బుడ్డలు పోయినాక సుగ్గికి గుంటూరు మిరపచేన్లకు పోయే ఆదోని, పత్తికొండ జనమంతా గనిలో కుదురుకుంటారని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

దేశానికి మేలు అనే మాట కూడా లెక్క వేసి చూద్దాం. మన దేశం ఏటా 700, 800 టన్నుల దాకా బంగారం బయటి నుంచి తెచ్చుకుంటాది. అందులో 750 కిలోలు అంటే వెయ్యిలో ఒక వంతు.

టన్ను లెక్క

ఇప్పుడు అసలు లెక్క. టన్ను రాయికి ఒకటిన్నర గ్రాము బంగారం అనుకుందాం. ఇట్లాంటి గనులకు అది మామూలు లెక్కే. టన్ను అంటే 10 లక్షల గ్రాములు. అందులో ఒకటిన్నర గ్రాము వ్యానెక్కి పోతాది. మిగిలిందంతా యాడికి పోతాది? యాడికీ పోదు. మన ఊర్లోనే ఉంటాది.

750 కిలోలు తీయాలంటే ఒక్క గ్రాము కూడా జారిపోకపోయినా ఏడాదికి 5 లక్షల టన్నుల రాయి పిండి కావల్ల. 20 టన్నుల టిప్పర్లయితే 25,000 టిప్పర్లు. బంగారం లేని పైరాయి తవ్వి పోసేది దీనికి అదనం. పిండి అయిన రాయి బురద మాదిరి టెయిలింగ్ పాండ్‌లోకి పోతాది. అందులో సైనైడ్ మిగులు ఉంటాది. ఎండకు, గాలికి సైనైడ్ విరిగిపోతాది, జాగ్రత్తగా చేస్తే ప్రమాదం తగ్గుతాది, ఇది నిజం. అయితే ఈ జాతి బంగారంతో పాటు చానా చోట్ల ఆర్సెనిక్ ఉండే రాయి కూడా ఉంటాది. ఆర్సెనిక్ ఎండకు విరిగేది కాదు. జాగ్రత్త తప్పితే ఏమైతాదో 2000 జనవరిలో రుమేనియా చూసింది. బయా మారే దగ్గర బంగారు కంపెనీ చెరువు కట్ట తెగి, సైనైడ్ నీళ్ళు నదుల్లో కలిసి, పక్క దేశం హంగేరీ దాకా చేపలు చచ్చి తేలినాయి.

అంత దూరం ఎందుకు, కోలారు పోయి చూడండి. చిత్తూరు పక్కోళ్ళు తరాల తరబడి ఆ గనుల్లో పని చేసినారు. 2001 ఫిబ్రవరి 28న గని మూసినారు. బంగారం పోయింది, కంపెనీ పోయింది, 3 కోట్ల టన్నులకు పైగా పిండిరాయి దిబ్బలు మాత్రం అట్లే ఉండాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇండ్లల్లోకే. అదే ఏడాది రామగిరి గని కూడా మూతబడింది. ఇప్పుడు మళ్ళీ ఆ పక్క బ్లాకులు వేలానికి వచ్చినాయి.

కడపోళ్ళకు టెయిలింగ్ పాండ్ అంటే కొత్తగా చెప్పబల్లేదు. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం చెరువు పక్కన కె.కె. కొట్టాల రైతులు బోర్లల్లో నీళ్ళు చెడిపోయినాయని, అరటి తోటలు ఎండిపోయినాయని ఏండ్లుగా మొత్తుకుంటాండారు. కాలుష్య నియంత్రణ మండలి 2018లో సంస్థకు నోటీసు కూడా ఇచ్చింది. అక్కడ రైతులకు ఎదురైన పెద్ద చిక్కు ఏందంటే, గని రాకముందు మా నీళ్ళు బాగుండేవి అని రుజువు చేసే కాగితం వాళ్ళ చేతిలో లేకపోవడం. సంస్థేమో ఇక్కడి నేల గుణమే అంత అంటాది. ఎవరి మాట నిజమని తేల్చల్ల?

డబ్బు యాడికి పోతాది

లెక్క సులువుగా ఉండాలని గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 750 కిలోలంటే 750 కోట్లు. అదంతా లాభం కాదు, డీజిలు, కరెంటు, జీతాలు అందులోనే. బంగారం రాయల్టీ 4 శాతం, అంటే సుమారు 30 కోట్లు రాష్ట్రానికి. 2015లో చట్టం మారినాక గనులు వేలం వేస్తాండారు, వేలం పాట డబ్బు కూడా రాష్ట్రానికి వస్తాది. జొన్నగిరి లీజు అంతకు ముందుది, కాబట్టి పాట డబ్బు లేదు. అట్లాంటి పాత లీజులు రాయల్టీలో 30 శాతం అదనంగా జిల్లా ఖనిజ నిధికి కట్టల్ల. అంటే 9 కోట్లు. నూరు రూపాయల బంగారంలో గని ఉండే జిల్లాకని కట్టేది 1 రూపాయి 20 పైసలు.

చిన్న భాగమే. అయినా అది చట్టం రాసిచ్చిన భాగం. గనికి 15 కిలోమీటర్ల లోపల ఉండే ఊర్లు నేరుగా దెబ్బతినే ఊర్లని కేంద్రం నిబంధన. తాగునీరు, ఆరోగ్యం, చదువు వీటికి ముందు ఖర్చు పెట్టాలని కూడా నిబంధన. ఆ డబ్బు తుగ్గలి మండలం ఊర్లకు చేరుతాందా, లేదా జిల్లా కేంద్రంలో రోడ్డుకు, బిల్డింగుకు పోతాందా అని అడిగే హక్కు మీకుండాది.

గని వద్దని అరిచేవాళ్ళు ఒక పక్క, గని వస్తే బంగారు సీమ అని ఎగిరేవాళ్ళు ఒక పక్క. గని వచ్చేసింది. కాబట్టి చేతిలో ఫోను ఉండే పిల్లోళ్ళు చేయగలిగే పనులు చెప్తాను, ఒక్కటి కూడా గొడవ పని కాదు.

మీ ఊరి బోర్ల నీళ్ళు ఇప్పుడే పరీక్ష చేయించండి. సైనైడ్, ఆర్సెనిక్ పేరు పెట్టి అడగండి. తేదీ, బోరు ఉండే చేను, రిపోర్టు జాగ్రత్త చేయండి. ప్రతి ఏడాదీ మళ్ళీ చేయించండి. తుమ్మలపల్లె రైతు చేతిలో లేనిది అదే. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి కంపెనీ ఆరు నెలలకొకసారి, జూన్ 1న, డిసెంబరు 1న, షరతులు ఎట్ల పాటించిందో రిపోర్టు ఇయ్యల్ల. అది అందరూ చూడాల్సిన కాగితం. తెప్పించుకొని, తెలుగులో చెప్పి, ఊరి గ్రూపులో పెట్టండి. గని మూసేటప్పుడు నేల బాగు చేయడానికి ప్రణాళిక, దానికి ఆర్థిక హామీ ముందే ఉండల్లని చట్టం. ఎంత హామీ కట్టినారో, టెయిలింగ్ పాండ్ అడుగున ఏం పరిచినారో, గనికి నీళ్ళు యాడ నుంచి తెస్తాండారో సమాచార హక్కు కింద అడగండి. ఖనిజ నిధి లెక్క గ్రామసభలో చదివించండి.

వజ్రం కోసం ఎండలో పొద్దంతా వంగి వెతికే ఓపిక మన జనానికి ఉండాది. అందులో పదో వంతు ఓపిక ఈ కాగితాల మీద పెట్టినా చాలు. గని బతికేది పదేళ్ళో, ఇరవై ఏళ్ళో. ఆ టన్నుల పక్కన బోరు వేసుకొని బతకాల్సింది మీరు, మీ పిల్లలు.