బడికి పిల్లోడు రాకపోతే తప్పంతా అమ్మానాన్నదేనా?

 

"పిల్లల్ని పంపకపోతే కేసు పెడతాం, పథకాలు ఆపేస్తాం" అని మన గూడేల్లో బెదిరించడం మామూలైపోయింది. చదువు రాని మన అమ్మానాన్నలు నిజమేననుకుని భయపడతారు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 10 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యతే, కాదనం. కానీ పంపకపోతే తల్లిదండ్రులకి జైలు, జరిమానా అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. పైగా సెక్షన్ 8 చూడండి. పిల్లలు చేరేలా, రోజూ వచ్చేలా, చదువు పూర్తిచేసేలా చూడాల్సింది ప్రభుత్వం. ఈ సెక్షన్ సంగతి మాత్రం గూడేనికొచ్చి ఎవరూ చెప్పరు!

కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలని రూల్. ఆ కిలోమీటరులో గెడ్డ ఉంటే? వానాకాలం పొంగితే దాటేదెలా? అమ్మఒడికి 75 శాతం హాజరు అన్నారు. గెడ్డ పొంగిన రోజుల్ని, మలేరియాతో పడుకున్న రోజుల్ని ఎవరి ఖాతాలో రాయాలి?

ఇంకోటి భాష. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లోడికి ఒకటో తరగతిలో సారు చెప్పేది సగం అర్థం కాదు. అర్థం కాని చోట ఎవరు కూర్చుంటారు? ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉద్యోగాలు పోయాయని అందరం బాధపడ్డాం. చిన్నపిల్లల హాజరుకి తగిలిన దెబ్బ గురించి తక్కువే మాట్లాడుకున్నాం.

అలాగని మనవాళ్ల తప్పు అసలు లేదని కాదు. చంటిపిల్లని చూసుకోడానికి పెద్దమ్మాయిని బడి మానిపించేది మనమే. ఆశ్రమ పాఠశాలలో వదిలేసి దసరా దాకా మొహం చూపించని నాన్నలూ ఉన్నారు. అది మనం ఇంట్లోనే గట్టిగా అడగాలి, పెద్దోళ్లకి కోపమొచ్చినా సరే.

మా హాస్టల్లో ఉన్నోళ్లం ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. కాఫీ పళ్లు కోసే రోజుల్లో మాలో చాలామందికి బడి లేదు, కూలే. బెదిరిస్తే మళ్లీ వెళ్లలేదు. ఒక మాస్టారు గూడేనికి నడిచొచ్చి, నాన్న పక్కన అరుగు మీద కూర్చుని మాట్లాడితే వెళ్లాం.

అదే చట్టంలో సెక్షన్ 21 ఉంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు. ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ బడి కమిటీలో ఎవరి పేర్లున్నాయో అడగండి. తాము మెంబర్లమని వాళ్లకి తెలుసో లేదో కూడా కనుక్కుని గ్రూపులో రాయండి.