ఆఁకలి తీఱని యూరిలో బడి కట్టవచ్చునా?

కంప్యూటరు ఆటలను గూర్చి పెద్దలకును పిల్లలకును నడుమ జరుగుచున్న వాదము నేఁటిది కాదు. అవి కాలమును మ్రింగుననియు, కన్నులను చెఱుచుననియు, కొట్లాటలు నేర్పుననియు పెద్దల యభియోగము. ఇందు సత్యము లేకపోలేదు. కాని ఆటలన్నిటిని ఒక్క గంపలో వేసి తీర్పు చెప్పుట, పుస్తకములన్నియు నొక్కటే యనుటవంటిది. మా పై తరగతుల బాలురును బాలికలును ఈ సంవత్సరము విశేషముగా నాడిన యాట యొకటి కలదు. దాని పేరు బానిష్డ్. అనఁగా వెలివేయఁబడినవారని యర్థము. మేము వారి ప్రక్కఁ గూర్చుండి దానిని పలుమాఱులు చూచితిమి, ఆడియు నుంటిమి. ఆ యాటనుండి మా తరగతిలో నొక తగవు పుట్టినది. కడుపు నిండని యూరిలో బడి కట్టవచ్చునా, కట్టరాదా? విద్యార్థులలోఁ బెక్కండ్రు కట్టరాదనిరి. మేము కట్టవలెననియే చెప్పుచున్నాము.

ఆట నెఱుఁగని చదువరుల కొఱకు కొంత చెప్పవలసియున్నది. ల్యూక్ హోడరోవిచ్ అను నాతఁ డొక్కఁడే కూర్చుండి దీనిని నిర్మించి, షైనింగ్ రాక్ సాఫ్ట్‌వేర్ అను పేర 2014వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదిని వెలువరించెను. ఇందు రాజులు లేరు, సైన్యములు లేవు, శత్రువు లేఁడు. డబ్బు కూడ లేదు. తమ దేశమునుండి వెడలఁగొట్టఁబడిన కొన్ని కుటుంబములవారు, ఒంటిమీఁది బట్టలతోను, ఒక బండెఁడు సామానుతోను, అడవియు ఏఱును గల యొక క్రొత్త చోటికి వత్తురు. మిక్కిలి కఠినమైన మెట్టును ఎన్నుకొన్నచో నాలుగే కుటుంబములు. తలదాఁచుకొనుటకు ఇల్లు లేదు, చల్లుకొనుటకు విత్తనమును లేదు. వారిని బ్రదికించుట ఆడువాని పని. దుంగలు, ఱాళ్లు, ఇనుము, ఆహారము, కట్టెలు, పనిముట్లు, చలికోట్లు, ఇవియే అచ్చటి సంపద. అన్నిటికంటె గొప్ప సంపద మనుష్యులు. ఒకనిని జాలరిగా నియమించితిమా, ఇల్లు కట్టువారిలో రెండు చేతులు తగ్గును.

తొలిసారి ఆడువాని యూరు రెండవ వసంతమును చూచుట అరుదు. మా పదవ తరగతి విద్యార్థి యొకఁడు వచ్చీ రాఁగానే చక్కని బాటలు పఱపించెను. విశాలమైన పొలము దున్నించెను. ప్రార్థనామందిరమునకు పునాదియుఁ ద్రవ్వించెను. కట్టెలు కొట్టువానిని నియమించుట మాత్రము మఱచెను. మందిరమును జూచి మాకు సంతోషమే కలిగినది గాని, పొయ్యిలో కట్టె లేనిదే ఏ యిల్లును వెచ్చఁబడదు. చలి ముందుగా వచ్చి చేనిలోని పైరు కోఁతకు రాకమునుపే చచ్చెను. పనివారు చలికి ఓర్వలేక మాటిమాటికి పని విడిచి యింటికిఁ బరుగెత్తిరి. ఇంటను నిప్పు లేదు. వసంతము వచ్చునప్పటికి ఆ యూర నిద్దఱు ముసలివారును ఒక బాలికయు మిగిలిరి.

చలియు ఆఁకలియు కంటికిఁ గనఁబడు శత్రువులు. కంటికిఁ గనఁబడని వేఱొకటి కలదు. దానిని గుర్తెఱుఁగుటకు మా పిల్లలకుఁ జాల దినములు పట్టినది. పనిముట్లు అరిగిపోవును. కమ్మరి లేనియెడల గొడ్డళ్లును పాఱలును ఒక్కొక్కటిగా ముగిసిపోవును. అది జరుగునపుడు ఎవఁడును చావఁడు. కావున ఆడువాఁడు కలఁత చెందఁడు. కాని పనిముట్టు లేనివాని పని మందగించును. జాలరి తెచ్చు చేఁపలు తగ్గును, అడవినుండి వచ్చు దుంపలు తగ్గును, కట్టెలు తగ్గును, కమ్మరికొట్టము కట్టుటకుఁ గావలసిన దుంగలును తగ్గును. ఆఁకలి మొదలైన నాఁడు కమ్మరిని నియమించిన నేమి ఫలము? ఇనుము త్రవ్వి తెచ్చువారు అప్పటికే పస్తులుందురు. దూరము కూడ నిట్టిదే. అడవిలో ఏఱుకొను వాని యిల్లు ఊరికి ఆ కొనను, వాని పని యీ కొనను ఉన్నయెడల, వాని దినమంతయు నడకకే చాలును. పటములో చూచిన ఊరు నిండుగానే యుండును. గాదె మాత్రము నిండదు.

ఇది కట్టుకథ కాదు. 1620వ సంవత్సరమున మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు అమెరికా తీరమునకు వచ్చి, డిసెంబరు చలిలో ప్లిమత్ అను చోట ఊరు కట్ట మొదలిడిరి. ఆ మొదటి చలికాలమునందే వారిలో సుమారు సగము మంది చనిపోయిరి. చరిత్ర పాఠములో నిది యొక పంక్తి. పిల్లలు దానిని వల్లించి మార్కులు తెచ్చుకొందురు. ఈ యాట నాడిన పిమ్మట అదే పంక్తిని చదివిన బాలిక యొకతె, “మాస్టరుగారూ, వారు డిసెంబరులో దిగినారేమి? విత్తుటకు ఏప్రిల్ దాఁక ఆఁగవలెను గదా!” అని యడిగెను. అట్టి ప్రశ్న మేము పాఠము చెప్పిన యిన్నేండ్లలో ఎవ్వరును అడిగియుండలేదు.

అయినను ఈ యాటలో మాకు నచ్చని దొకటి కలదు. దానిని దాఁచుట న్యాయము కాదు. ఇందలి నేల శూన్యము. వెలివేయఁబడినవారికి ముందు అచ్చట ఎవ్వరును నివసించినట్లు చిహ్నము లేదు. ప్లిమత్ అట్లు కాదు. అది వాంపనోగులనెడి ప్రజల పటుక్సెట్ అను గ్రామముండిన చోటు. ఓడ రాకకు కొలఁది యేండ్లకు ముందు మహామారి వచ్చి ఆ గ్రామమును తుడిచిపెట్టెను. ఆ గ్రామపువాఁడే యగు టిస్క్వాంటమ్ మిగిలి వచ్చి, క్రొత్తవారికి మొక్కజొన్న విత్తు విధమును నేర్పెను. ఎవరిదో పొలములో నిలుచుండి, ఎవరిదో విద్య నేర్చుకొని ఆ యూరు బ్రదికినది. ఆట యిది చెప్పదు. ఉపాధ్యాయుఁడు చెప్పవలెను.

ఇఁక చలికాలము గడచిన తరువాతి కష్టము. ఆటలో ఊరు రెండు విధముల చచ్చును. గాదె కొంచెము నిండఁగానే ఉత్సాహముతో పది యిండ్లు కట్టుదురు. ప్రతి యింటను క్రొత్త జంట చేరును, పిల్లలు పుట్టుదురు; వారందఱు తినువారే గాని చేయువారు కారు. పొలము చాలదు, కరవు వచ్చును. దీనికి భయపడి వేఱొకఁడు ఇండ్లు కట్టుటయే మానును. అప్పుడు ఎదిగినవారు తలిదండ్రుల యింటనే యుండిపోవుదురు; పెండ్లిండ్లు లేవు, ఉయ్యాలలు లేవు. గాదెలు నిండి, ఊరు శాంతముగా నున్నట్లు తోఁచును. కొంతకాలమునకు ఒక తరమువారందఱు ఒక్కసారి ముసలివారై పోవుదురు, వారి పని యందుకొనువారు ఉండరు. ఈ రెండవ చావు మెల్లనిది గనుక మఱింత భయంకరమని మా యభిప్రాయము. ఏఁటేఁట ఒకటి రెండు ఇండ్లు కట్టుచుఁ బోయిన విద్యార్థుల యూళ్లే నిలిచినవి. ఒక చెక్కయింటికి 16 దుంగలు, 8 ఱాళ్లు చాలును. కావలసినది సామాను కాదు, ముందు చూపు.

ఇప్పుడు మా తగవునకు వత్తము. ఈ యాటలో బడి లేని యూర పదియేండ్లు నిండిన ప్రతి బిడ్డయు కూలివాఁడగును. బడి కట్టినచో పదునాఱు పదునేడేండ్లు వచ్చుదాఁక చదువుకొనును; అంతవఱకు పొలమునకు రాఁడు. పైగా ఒక పెద్దవాఁడు ఉపాధ్యాయుఁడుగా పని మానవలెను. ఒక బడిలో పట్టు పిల్లలు 20 మంది. చదివినవాఁడు ఏ వృత్తి చేసినను చదువనివానికంటె ఎక్కువ ఫలము తెచ్చును.

విద్యార్థుల పక్షము బలహీనమైనది కాదు. దానిని వారి మాటలలోనే వ్రాయుచున్నాము: “బడిలో కూర్చున్న పిల్లవాఁడు గుక్కెఁడు గంజియైనను తేఁడు. ముందు గాదె నిండనిండు, తరువాత బడి కట్టుదము.” ఇట్లు పలికినవారిలో కొందఱు తామే వేసవిలో కూలికిఁ బోయి పుస్తకములు కొనుక్కొనువారు. వారికి ఆఁకలిని గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. మొదటి శరత్కాలమున బడి కట్టుమని మేమును అనము. నాలుగు కుటుంబములు బండి క్రింద పండుకొనునపుడు కావలసినవి కప్పును కట్టెలును.

కాని “గాదె నిండిన తరువాత” అను మాట దగ్గఱనే మాకు వారికి భేదము. ఆ దినము రాదు. బడి లేని యూర ఒక్కొక్కని పని ఫలము తక్కువ. అదే ఆహారము తెచ్చుటకు ఎక్కువమంది కావలెను. ఎక్కువమంది కావలెనన్న ఎక్కువ యిండ్లు, ఎక్కువ కట్టెలు, ఎక్కువ నోళ్లు. ఏ కొఱఁత చేత బడిని వాయిదా వేసితిమో, బడి లేకపోవుటచేత ఆ కొఱఁతయే పెరుగుచున్నది. మఱియు ఆ యాటలో నొక కఠినమైన నియమము కలదు: ఒకసారి కూలివాఁడైన బిడ్డ మరల బడికి రాలేఁడు. ఊరు బాగుపడిన పిమ్మట బడి కట్టినను ఆ తరమువారు చదువురానివారుగానే ముసలివారగుదురు. కావున మొదటి పిల్లలు పదియవ యేఁట అడుగుపెట్టుటకు ముందే, అర్ధాఁకలితోనైనను, బడి కప్పు వేయవలెనని మా వాదము.

ఇంతలో ఒక బాలుఁడు లేచి, “ఆటలో మనుష్యులు క్యాలెండరు సంవత్సరమునకు సుమారు అయిదేండ్లు పెరుగుదురు, ఆఱేండ్ల చదువు ఏఁడాదికి కొంచెము మించి ముగియును. మా యింటిలో ఆఱేండ్లు ఆఱేండ్లే” యనెను. ఈ వాదములో విన్న మాటలన్నిటిలో ఇది మిక్కిలి సారవంతమైనది. దీనికి జవాబు ఆటలోనే కలదు. కాని అది కాలములో లేదు, గాదెలో ఉన్నది. ఆ యూర ధాన్యము ఏ యొక్కని సొత్తును కాదు. బడికిఁ బోవు బిడ్డ పని మానినందువలని నష్టము ఊరంతటిపైఁ బడి, ఒక్కొక్క యింటికి పిడికెఁడు చొప్పున పంచుకొనఁబడును. మన యూళ్లలో ఆ నష్టమంతయు ఆ బిడ్డ పుట్టిన యింటి పొయ్యిమీఁదనే పడుచున్నది. చదువు విలువ తెలియక తండ్రి బిడ్డను మాన్పించెనని మనము సులభముగా నిందింతుము. గాదె తనదొక్కనిదే యైనప్పుడు ఏ తండ్రియైనను ఏమి చేయును?

మన దేశమున సామాన్యపు గాదె యొక్క తలుపు కొంత తెఱువఁబడినది. 2001వ సంవత్సరము నవంబరు 28వ తేదిని సుప్రీము కోర్టువారు ప్రభుత్వపు బడులలోను ప్రభుత్వ సహాయము పొందు బడులలోను ప్రాథమిక తరగతుల పిల్లలకు వండిన మధ్యాహ్న భోజనము పెట్టవలెనని ఉత్తరువు చేసిరి. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము ఆఱవ యేఁటినుండి పదునాలుగవ యేఁటివఱకు ఉచితముగ చదువు చెప్పవలెననుచున్నది. అన్నము పెట్టిన తరువాత బడికి వచ్చువారిని మేము కన్నులార చూచుచున్నాము. కాని పదునాలుగు దాఁటిన పిల్లలకు ఈ చట్టపు రక్ష లేదు. కూలి మాత్రము వారికే ఎక్కువ.

ఆదోని, కోసిగి ప్రాంతముల కుటుంబములు పంట లేని మాసములలో గుంటూరు వైపు మిరప తోఁటలకు వలసపోవుట అందఱెఱిఁగినదే. పెద్దలు పోవునపుడు పిల్లలును బండి యెక్కుదురు; ఇంట విడిచిపోవుటకు వండి పెట్టువారెవరు? జనవరి వచ్చుసరికి మా హాజరు పట్టీలో వరుసగా గీఁతలు పడును. పదవ తరగతి పరీక్షలు మార్చిలో వచ్చును. ఆ పిల్లలలో కొందఱు మరల తరగతికి రారు, మా యాటలోని కూలిపిల్లల వలెనే.

కావున పాఠశాలా సంఘమువారికి మా మనవి యిది. జనవరి మొదలు ఏప్రిల్ దాఁక మన హాస్టలులో వలస కుటుంబముల పిల్లలకు, ముఖ్యముగా తొమ్మిది పది తరగతుల వారికి, రుసుము లేకుండ చోటు ఇయ్యవలెను. వెనుకటి గదులు రెండు ఖాళీగా నున్నవి. వంటవారు ఉన్నారు. పూర్వవిద్యార్థులు ఒక్కొక్కరు ఒక బస్తా చొప్పున బియ్యము పంపినచో చాలును. పిల్లల పేర్లును, ఎవరెవరు ఏ నెలలో పోవుదురో ఆ వివరమును, నాలుగు మాసములకుఁ గావలసిన బియ్యము లెక్కయు మా యొద్ద సిద్ధముగా నున్నవి.