రెండు తగిలించండి మేడమ్!

మొన్న పేరెంట్స్ మీటింగులో నా ముందు కూర్చున్నావిడ టీచరుతో అన్న మాట ఇది. "మావాడు ఇంట్లో మాట వినడం లేదు. మీరే రెండు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోం." ఐదో తరగతి పిల్లాడు పక్కనే నిలబడి బూట్ల వంక చూసుకుంటున్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదండీ.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని చట్టమే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్. కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమే. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. టీచరుకి లేని అధికారాన్ని తల్లులం మనం ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తున్నాం?

"మేం తినలేదా దెబ్బలు? గోడకుర్చీ వెయ్యలేదా? బాగుపడలేదా?" అంటారు. ఈ మాటంటే నాకు ఒళ్ళు మంట. బాగుపడ్డవాళ్ళే కదా ఈ మాట అనగలిగేది! లెక్కల మాస్టారి బెత్తానికి జడిసి ఏడో తరగతిలోనే బడి మానేసినవాళ్ళు మీటింగులకొచ్చి చెప్పరుగా.

బెత్తం కొంత తగ్గిందనే ఒప్పుకుంటాను. దాని బదులు వాట్సాప్ వచ్చింది. శనివారం పరీక్ష, సోమవారానికి గ్రూపులో ర్యాంకుల లిస్టు, ఆఖరి పిల్లాడి దాకా పేర్లతో సహా. వాడు బడి నుంచి ఇంటికొచ్చేలోపే అపార్ట్‌మెంటంతా వాడి మార్కులు చదివేసి ఉంటుంది. ఇక మార్కుల్ని బట్టి సెక్షన్లు. ఆఖరి సెక్షనుకి ఏ నది పేరైనా పెట్టండి, వారం తిరిగేసరికి అది మొద్దుల సెక్షనని పిల్లలందరికీ తెలిసిపోతుంది. మెళ్ళో ఆ బోర్డు వేశాక, "వీడికి క్రమశిక్షణ లేదు" అని మళ్ళీ మనకే ఫోను! ఎవరి మెప్పు కోసం ఉండాలి వాడు బుద్ధిగా?

విశాఖపట్నంలో నీట్ కోచింగు తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకూ విడదీయొద్దంది, నలుగురిలో అవమానించొద్దంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. మా పిల్లల బడిలో ఆ ఒక్కరూ ఎవరని అడిగాను. "మా పీఈటీ సారే చూసుకుంటారండీ" అన్నారు. పాపం, ఆయన ఆటల పీరియడే లెక్కలవాళ్ళు లాగేసుకుంటున్నారు!

టీచర్లనే తిట్టిపొయ్యడం నాకిష్టం లేదు. యాభైమందిని ఒక గదిలో కుక్కి ఒక్కావిడకి అప్పజెప్తే ఆవిడ మాత్రం అరవక ఏం చేస్తుంది? అయినా చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు. మా చిన్నదాని మూడో తరగతి టీచరు, కుదురుగా కూర్చోలేని ఒక పిల్లాడికి మొక్కలకి నీళ్ళు పోసే పని అప్పజెప్పింది. బాగా చేసిన రోజు అందరి ముందూ చెప్పేది, తప్పు చేస్తే పక్కకి పిలిచి చెప్పేది. రెండు నెలల్లో వాడి గురించి ఇంటికి ఫిర్యాదులు రావడం మానేశాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

లిస్టులు గ్రూపులో పెట్టొద్దు, ఎవరి మార్కులు వాళ్ళింటికే పంపండి అని నిన్న రాశాను. ముగ్గురు తల్లులు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకాయన "పోటీ ప్రపంచం మేడమ్" అన్నాడు. మిగతా నలభైమంది చదివి ఊరుకున్నారు. మీ గ్రూపుల్లో మీరూ రాయండి. సోమవారం లోపు రాయండి.