అప్పు చేయకుండుట అపరాధమా?

అప్పు లేనివాడే భాగ్యవంతుడని మన పెద్దలు చెప్పుచుందురు. కాని ఉన్నత విద్యకై బ్రిటనుకు వెళ్లిన విద్యార్థి నెలవారీ ఒప్పందముపై మొబైల్ ఫోను కోరినచో, ఒక్కొక్కప్పుడు ఆ భాగ్యమే అడ్డు వచ్చుచున్నది. ఫోను వెలను నెలనెలా చెల్లించుట యొకవిధమగు అరువే. కావున కంపెనీలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్ వంటి సంస్థలయొద్ద అతని ఋణచరిత్రను విచారించును. క్రొత్తగా వచ్చినవానికి అచట చరిత్రయే యుండదు. అందుచే దరఖాస్తు త్రోసివేయబడవచ్చును.

ఎగవేసినవానిని నమ్మకపోవుట న్యాయమే. ఎన్నడును అప్పు చేయనివానిని వాని సరసన నిలుపుట న్యాయము కాదు. మన ఊరి కొట్టువాడు మనిషిని చూచి అరువిచ్చును. యంత్రము అంకెను మాత్రమే చూచును. కంపెనీలు ఈ భేదమును గుర్తించి, నిరాకరణకు కారణమును స్పష్టముగా తెలుపవలెను.

విద్యార్థులు ఇందుకు సిగ్గుపడనక్కరలేదు. వెంటవెంటనే పలుచోట్ల దరఖాస్తులు పెట్టరాదు. దరఖాస్తులపై జరుగు విచారణలు నమోదై మరింత చేటు కలిగింపవచ్చును. ముందుగా సొమ్ము చెల్లించు సిమ్ముతో పని జరుపుకొనవచ్చును. భారతీయులు కామన్వెల్తు పౌరులగుటచే, అచట నివసించుచు ఓటర్ల జాబితాలో పేరు చేర్పించుకొనవచ్చును; చిరునామాకు అదియొక ఋజువు. ఫోను కొరకు అక్కరలేని అప్పు చేయుట మాత్రము వివేకము కాదని తల్లిదండ్రులు పిల్లలకు ముందే బోధింతురుగాక!