పాత బండి, మన పేరు



అసైన్డ్ భూముల మీద రాస్తున్న భాగాలకు ఈ వారం చిన్న విరామం. పదిహేను రోజులుగా ఇన్‌బాక్సులోనూ మీటింగుల దగ్గరా నన్ను అడుగుతున్నది ఒకటే: "అన్నా, బండి తీసుకున్నావా, లేదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. ఎందుకంటే ఇది నా ఒక్కడి గొడవ కాదు. హాస్టల్లో ఉంటూ సాయంత్రాలు డెలివరీ చేసుకునే తమ్ముడికీ, పల్లెపల్లె తిరిగే కార్యకర్తకీ, రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్ళే అక్కకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క ఎదురవుతుంది.

బండి సంగతి ముందు చెప్తాను. 2013 రిజిస్ట్రేషన్, 100 సీసీ, మీటరు మీద 19 వేల చిల్లర కిలోమీటర్లు. మండల కేంద్రంలో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి గారిది. ఆయనది కాదు, వాళ్ళబ్బాయిది. ఆ అబ్బాయి బీటెక్ అయ్యేదాకా తోలాడు, ఎంఎస్‌కి అమెరికా వెళ్ళాడు, అక్కడే ఉద్యోగం. బండి అప్పటి నుంచి షెడ్డులో కవరు కప్పుకుని ఉంది. అడుగుతున్నది 30 వేలు.

"తక్కువ తిరిగిన బండి" అనే మాట మన పల్లెలో వినిపించదు, గమనించారా? మన ఇళ్ళల్లో బండి తక్కువ తిరగదు. పొద్దున కూరగాయల మూట, తర్వాత పిల్లల బడి, మధ్యాహ్నం పక్కింటి అవ్వను ఆస్పత్రికి, రాత్రి ఇంకెవరి అర్జెంటు పనో. ముగ్గురెక్కుతారు, నలుగురు అడుగుతారు. ఒక బండి పన్నెండేళ్ళలో 19 వేలే తిరిగిందంటే ఆ ఇంట్లో ఇంకో బండో కారో ఉందని అర్థం. కాబట్టి తక్కువ తిరిగిన పాత బండి మనకు దొరికేది ఎక్కువగా వేరే వీధి నుంచే. అసలు చర్చ అక్కడే మొదలైంది.

మన తమ్ముళ్ళలో కొందరికి కోపం వచ్చింది. "వాళ్ళు వాడి పడేసింది మనమెందుకు తీసుకోవాలన్నా? కొత్తది కొను" అన్నారు. ఈ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడికి చనిపోయినవాళ్ళ బట్టలూ పగిలిన పాత్రలూ రాసిపెట్టింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆధ్వర్యంలో దాన్ని తగలబెట్టారు. అదే ఏడాది మార్చిలో జరిగిన మహాడ్ సభలోనే మిగులు కూడూ చచ్చిన గొడ్డు మాంసమూ మానేద్దామని పిలుపు వచ్చింది. పాత చీర, పాత చొక్కా, నిన్నటి కూర అందుకున్న చేతుల్లో మా అమ్మ చేతులూ ఉన్నాయి. పాతది అనగానే ఒళ్ళు మండడం సహజం.

కానీ పాత చొక్కాలో అవమానం గుడ్డ పాతది కావడం వల్ల రాలేదు. దానికి ధర లేకపోవడం వల్ల వచ్చింది. ధర లేని వస్తువుకు బదులుగా ఒక పూట ఊరికే పని చేయాలి, లేదా పదేళ్ళు తల దించుకోవాలి. ధర కట్టి, రసీదు తీసుకుని, నా పేరు మీదికి మార్చుకున్న వస్తువు ఎన్నేళ్ళదైనా నా ఆస్తే. తేడా అదీ.

ఇక కొత్త బండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, నిజమే. అయినా మనం షోరూములో కొనేది బండి కంటే ముందు అప్పు. ఉదాహరణకు 80 వేల అప్పు, మూడేళ్ళు, "12 శాతమే సార్" అంటారు. అది ఫ్లాట్ వడ్డీ అయితే ఏం జరుగుతుందో చూడండి. ఏడాదికి 9,600 చొప్పున మూడేళ్ళకు 28,800. మొత్తం 1,08,800. నెలకు 3,022. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న 80 వేల మీదే వేస్తున్నారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే అది దాదాపు 21 శాతం వడ్డీ. జీతం స్థిరంగా వచ్చేవాడికి ఇది బరువు. ఫెలోషిప్ ఆరు నెలలకోసారి వచ్చే స్కాలర్‌కి ఉరి. ఆత్మగౌరవం పేరుతో ఫైనాన్స్ వాళ్ళకి భయపడి బండిని దాచుకోవాల్సి వస్తే అదేం గౌరవం?

అలాగని చవకగా వచ్చిందని కళ్ళు మూసుకోకూడదు. చాలీస్‌గావ్ సంగతి మీలో చాలామంది 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చదివే ఉంటారు. 1929లో బాబాసాహెబ్ అక్కడ దిగితే, అంటరానివాడిని ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. అతిథిని నడిపించడం ఇష్టంలేక మన మహర్లు టాంగా మాత్రం అద్దెకు తీసుకున్నారు. తోలడం రానివాడు తోలాడు. కల్వర్టు దగ్గర చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ ఎగిరి రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. గౌరవం కాపాడాలన్న తపనలో, ప్రయాణికుడి ప్రాణం అంతకంటే ముఖ్యమన్న సంగతి వాళ్ళకు తట్టలేదని ఆయనే రాశారు. టాంగావాళ్ళ కులగర్వాన్ని వదిలిపెట్టకుండానే మనవాళ్ళకీ ఆ మాట చెప్పారు. బండి కొనేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

అందుకే మన పల్లె మెకానిక్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. తక్కువ తిరిగిన పాత బండికి జబ్బులు వేరుగా ఉంటాయి. ఇంజిను అరగదు గానీ రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 1813 అంటే 2013లో 18వ వారం తయారీ. గీతలు నిండుగా ఉన్నా అలాంటి టైరు గట్టిపడి, పక్కల పగుళ్ళు తేలి ఉంటుంది. వానలో పట్టు ఉండదు. పెట్రోలు పైపులు, ఫోర్కు ఆయిల్ సీళ్ళు, బ్రేకు షూలు, బ్యాటరీ చూడాలి. ట్యాంకు మూత తీసి టార్చి వేసి తుప్పు చూడాలి. నిలవ పెట్రోలు కార్బురేటర్లో జిగురు కడుతుంది. మీటరు నిజమో కాదో ఫుట్‌రెస్ట్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పు, బ్రేకు పెడలు చెప్తాయి. 19 వేలు తిరిగిన బండికి అవి నున్నగా అరిగిపోయి ఉండవు. ఈ బండికి అరగలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాం. వేడి చేసి ఉంచిన ఇంజిను లోపాలు దాస్తుంది. టైర్లు, బ్యాటరీ, సీళ్ళు, కార్బురేటర్ అన్నీ కలిపి ఏడెనిమిది వేలు అవుతుందని తేలింది. అంటే బండి ధర 30 కాదు, 38. అలాగే 2013 రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి, అంటే 2028కి అయిపోతుంది. అప్పుడు మళ్ళీ తనిఖీ, ఫీజు, గ్రీన్ టాక్స్ కట్టి అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. ఈ లెక్కంతా చెప్పి 25 వేలకు అడిగాను. పెద్దాయన ఒప్పుకున్నారు.

కాగితాల దగ్గరే చిక్కు. ఆర్‌సీ అబ్బాయి పేరు మీద ఉంది. "మనలో మనకి కాగితాలేంటయ్యా? తోలుకో. వాడు వచ్చినప్పుడు సంతకం పెడతాడు" అన్నారాయన. చెడ్డవారు కాదు. కానీ ఈ "మనలో మనకి" అనే మాట మన తాతలూ విన్నారు. కౌలు నోటి మాటే, కూలి నోటి మాటే, ఇంటి జాగా నోటి మాటే. కాగితం అడిగితే పొగరు. అడగకపోతే "మంచోడు".

నోటి మాట మీద తోలితే ఏమవుతుందో చట్టం చెప్తుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్‌టీఓకి తెలపాలి. ఫారం 29, ఫారం 30. పాత అప్పు ఉంటే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరున్నవారే ఓనరని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే నేను కాగితం అడగడం అమెరికాలో ఉన్న ఆ అబ్బాయికే మేలు. ఇదే మాట పెద్దాయనకి చెప్పాను. కాసేపు ఆలోచనలో పడ్డారు.

మన వైపు నష్టం ఇంకా పెద్దది. బండి ఇన్సూరెన్సులో ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద కవరు ఉంటుంది. అది బండి ఎవరి పేరు మీద ఉందో, పాలసీ ఎవరి పేరు మీద ఉందో వారికి. వేరేవాళ్ళ పేరున్న బండి మీద మనవాడు చనిపోతే ఆ కవరు కింద వాళ్ళమ్మకి రూపాయి రాదు. థర్డ్ పార్టీ పాలసీ అవతలివాళ్ళ కోసం, తోలేవాడి కోసం కాదు. ఇక రాత్రి చెకింగ్‌లో పల్లె కుర్రాడి చేతిలో ఇంకొకరి ఆర్‌సీ ఉంటే మొదటి ప్రశ్న ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

బండి మనకు ప్రయాణం మాత్రమే కాదని తెలుసు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ నడిపినందుకు దళిత విద్యార్థి చేతుల మీద కత్తివేటు వేశారన్న ఫిర్యాదుతో కేసు నమోదైంది. మనం బండెక్కితే చూడలేని కళ్ళు ఇంకా ఉన్నాయి. కాబట్టే ఎక్కే బండికి బ్రేకు గట్టిగా ఉండాలి, కాగితంలో పేరు మనదై ఉండాలి.

నా నిర్ణయం ఇది. రెండు వేలు అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకున్నాను. అబ్బాయి డిసెంబరులో ఇంటికొస్తున్నాడట. సంతకాలు పెట్టి, ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పడిన రోజు మిగతా 23 వేలు. అప్పటిదాకా తాళం ఆయన దగ్గరే. సంతకం పడకపోతే అడ్వాన్సు వెనక్కి, నాకు మళ్ళీ ఆర్టీసీ బస్సు. ఈ మాటలన్నీ ఆ రసీదు మీదే రాయించాను.

ఇప్పటికే వేరేవాళ్ళ పేరున్న బండి తోలుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ఆదివారం మీ ఆర్‌సీ తీసి పేరు చూడండి. అమ్మినవాళ్ళు ఊళ్ళో ఉండగానే ఫారాలు నింపించండి. దరఖాస్తు నింపడం రాకపోతే మెసేజ్ పెట్టండి, కలిసి కూర్చుని నింపుదాం.

వచ్చే వారం మళ్ళీ భూమి దగ్గరికి. అక్కడా ఇదే ప్రశ్న: కాగితం ఎవరి పేరు మీద ఉంది?

జై భీమ్.