నల్లకోటు తొడిగిన తొలి మూడేళ్లు

భువనగిరి, ఘట్‌కేసర్ వైపు నుంచి ఉప్పల్ వచ్చే బస్సుల్లోను, నాగోల్ అద్దె గదుల్లోను నల్లకోటు మడిచి చేత పట్టుకున్న పల్లె యువకులు కనిపిస్తూనే ఉంటారు. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులు నాగోల్‌కు దగ్గర కాబట్టి ఇక్కడ గది తీసుకుంటారు. ఇంట్లో ఒక వకీలు ఉంటే భూమికి రక్ష అని తండ్రి నమ్మకం. అందులో తప్పు లేదు. అయితే లా డిగ్రీ చేతికి రాగానే సంపాదన మొదలవుతుందని ఇంటిల్లిపాదీ ఎదురు చూడడం వల్లనే చాలామంది కుర్రవాళ్లు రెండో ఏడు తిరగకుండా కోర్టు మానేస్తున్నారు.

ముందుగా నమోదు సంగతి. 1961 న్యాయవాదుల చట్టం ప్రకారం నమోదు రుసుము 750 రూపాయలు; షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125. స్టాంపు ఖర్చు వేరు. బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలు వసూలు చేస్తూ వచ్చాయి. చట్టం చెప్పినదానికి మించి తీసుకోరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పు చేసేముందు ఈ సంగతి తెలుసుకోవాలి. నమోదైన తర్వాత రెండేళ్లలోగా అఖిల భారత బార్ పరీక్ష ప్యాసు కావాలి.

అసలు కష్టం ఆ తర్వాతనే. పొద్దున ఆఫీసు తెరిచి, ఫైళ్లు మోసి, వాయిదాలు డైరీకెక్కించి, సాయంత్రం మళ్లీ ఆఫీసుకు చేరిన జూనియర్‌కు నెల తిరిగేసరికి దక్కేది చాలాచోట్ల బస్సు చార్జీ మాత్రమే. 'మేమూ అలాగే నేర్చుకున్నాం' అనడం పెద్దలకు పరిపాటి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామాల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచనే గాని నిర్బంధం లేదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండి తీరాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జడ్జికి కోర్టు అనుభవం అవసరమే. కాని ఆ మూడేళ్ల గది అద్దె ఎవరు కట్టాలి? పట్నంలో సొంత ఇల్లున్న వకీలు కొడుకు ఆగగలడు. కూలి చేసుకునేవారి కూతురు ఎన్నాళ్లు ఆగగలదు? సీనియర్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంది.

జూనియర్లు ఈ మూడేళ్లలో నేర్వవలసింది భూమి కాగితం. నాగోల్ చుట్టూ ఒకనాటి పొలాలు నేడు కాలనీలు. ఇలాంటిచోట ఒకే సర్వే నంబరు కోసం పట్టాదారు వారసులు, రక్షిత కౌలుదారు వారసులు, ప్లాటు కొన్నవారు కోర్టుకెక్కుతారు. సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, 38-ఇ సర్టిఫికెట్ చదివి అర్థం చెప్పగల జూనియర్‌ను ఏ సీనియరూ వదులుకోడు. పాత రికార్డు ఉర్దూలో ఉంటుంది. అక్షరాలు నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. గట్టు, గెట్టు, వాగు చూసి పెరిగినవాడికి ఈ పని పట్నం పిల్లవాడికంటె సులువు.

క్రిమినల్ పనికి రెండు చట్టాలూ రావాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, అంతకు ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.

ఇక ఊరివాళ్ల ఫీజు. మేనమామ కేసుకు డబ్బు ఎలా అడగడమని కుర్రవాళ్లు నలిగిపోతారు. కనీసం కోర్టు ఫీజు, కాపీల ఖర్చు ముందే తీసుకుని చీటీ రాసివ్వాలి. 'గెలిస్తే అరెకరం నీకు' అని ఎవరైనా అంటే ఒప్పుకోరాదు. దావాలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

కొడుకునో కూతురినో లా చదువుకు పంపే తండ్రి, చదువు ఖర్చుతోపాటు ఆ తర్వాతి మూడేళ్ల అద్దె, తిండి కూడా లెక్క వేసుకోవాలి. షెడ్యూల్డు కులాల, వెనుకబడిన తరగతుల లా పట్టభద్రులకు శిక్షణ కాలంలో నెలసరి భృతి ఇచ్చే ప్రభుత్వ పథకాలున్నాయి. సీట్లు కొద్ది. ప్రకటన కోసం కాచుకోకుండా, డిగ్రీ చివరి సంవత్సరంలోనే జిల్లా సంక్షేమ కార్యాలయానికి వెళ్లి విచారించడం మంచిది.