గొళ్లెం ఏ పక్క ఉంది?

తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట ఒక ఫిర్యాదు వింటుంటాం: ‘ఎంత చెప్పినా ఆడవాళ్లు ఇల్లు కదలరు’ అని. వాళ్లెందుకు కదలరో తెలుసుకోవాలంటే షెల్టరు లోపలికి వెళ్లి చూడాలి. ఊరంతా ఒకే హాల్లో. మరుగుదొడ్డి ఎక్కడో వెనక. కరెంటు పోయాక అక్కడికి వెళ్లాలంటే తోడు కావాలి. బహిష్టులో ఉన్న పిల్ల, పాలివ్వాల్సిన బాలింత, నెలలు నిండిన కోడలు ఆ హాల్లో ఒక రాత్రి గడపడమంటే ఏమిటో ఆ ఇంటి పెద్దావిడ ముందే లెక్క వేసుకుంటుంది. గాలివానకన్నా అదే ఆమెను ఎక్కువ భయపెడితే తప్పు ఆమెది కాదు, ప్లాను గీసినవాళ్లది.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. 1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ తీరాన్ని ముంచిన తుపానులో దాదాపు 1,40,000 మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ల మధ్య వయసువారిలో మగవాళ్లు వెయ్యికి 15 మంది పోతే, ఆడవాళ్లు 71 మంది పోయారు. హెచ్చరిక బజారులోని మగవాళ్ల చెవిన పడి అక్కడే ఆగింది. భర్త వచ్చి చెప్పేదాకా ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకుని ఇంట్లోనే ఉన్నారు. పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టరుకు వెళ్లడానికి వెనుకాడారు. ఆ దేశం పాఠం నేర్చుకుంది. తర్వాత కట్టిన షెల్టర్లలో మహిళలకు విడి గదులు, విడి మరుగుదొడ్లు పెట్టింది. ఇంటింటికీ హెచ్చరిక చేరవేసే వలంటీర్లలో నేడు సగం మంది స్త్రీలే.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో, అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మందిని పోగొట్టుకున్న మనకు ఇంకొకరు పాఠం చెప్పాల్సిన పని లేదు. మన తీరంలోనూ షెల్టర్లు లేచాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో ఈ మధ్య కొత్తవీ వచ్చాయి. ఎంత గాలికి తట్టుకుంటాయో, ఎంతమంది పడతారో ఇంజినీర్లు లెక్క కట్టారు. సంతోషం. మరి తలుపు గొళ్లెం లోపలి నుంచి పడుతుందా అని అడిగిందెవరు?

గండం గడిచాక కథ ఇంకా పొడవు. 2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో వేసిన తాత్కాలిక ఇళ్లు వరసలు వరసలుగా తారు షీట్ల గదులు. ఎండకు లోపల ఉడికిపోయేవి. మగవాళ్లు బయట చెట్టునీడ చూసుకున్నారు. వంట, పసిపిల్లలు, స్నానం ఆ గదికి కట్టేసినవాళ్లు ఎక్కడికి పోతారు? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు డ్రోన్లతో ఆహార పొట్లాలు చేరవేశాం. ఆ సాంకేతికత గొప్పదే. అయితే పొట్లంలో ఏముండాలన్న జాబితా రాసిన గదిలో ఒక్క ఆడమనిషైనా ఉందా?

ప్రమాణాలు లేకపోలేదు. సహాయ సంస్థలు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ నియమావళి 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలంటుంది. మగవాళ్లకు ఒకటి కడితే ఆడవాళ్లకు మూడు కట్టమంటుంది. లోగొళ్లెం, వెలుతురు ఉండాలంటుంది. ఆడవాళ్లను అడిగి కట్టిన చరిత్రా మన పక్కనే ఉంది. 1993 లాతూరు భూకంపం తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం స్వయం శిక్షణ్ ప్రయోగ్ సంస్థతో కలిసి గ్రామాల్లో మహిళా మండళ్ల సభ్యులను ‘సంవాద్ సహాయకులు’గా నియమించింది. ఇంటి పునర్నిర్మాణం గురించి ఊరికి, ఇంజినీరుకు మధ్య మాట మోసింది వాళ్లే.

మన దగ్గర ఇంటి పట్టా ఆడవాళ్ల పేరునే ఇస్తున్నాం. డ్వాక్రా సంఘం లేని ఊరు లేదు. పట్టాకు పనికొచ్చిన సంతకం ప్లానుకు ఎందుకు పనికిరాదు? ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు: షెల్టరు తాళం చెవి ఒకటి గ్రామ సంఘం దగ్గర ఉండాలి, సహాయ సామగ్రి జాబితా వాళ్లు చూశాకే ఖరారు కావాలి, కొత్త భవనానికైనా మరమ్మతుకైనా కాంట్రాక్టరు చివరి బిల్లు వాళ్ల సంతకం లేకుండా కదలకూడదు. ఆ తనిఖీ కూడా పట్టపగలు కాదు, చీకటి పడ్డాక, కరెంటు తీసేసి చేయించాలి.